జూమ్ చేస్తే గ్రాఫ్ ఎందుకు మారిపోతుంది?

సంక్షిప్తంగా: వెబ్‌లో ఏళ్ల తరబడి డేటాను చూపించే గ్రాఫ్‌లు దూరం నుంచి చూసినప్పుడు డేటాను కుదించి, దగ్గరికి వెళ్లేకొద్దీ విప్పి చూపిస్తాయి. స్క్రీన్ మీద పిక్సెల్స్ తక్కువ, డేటా ఎక్కువ కాబట్టి కుదింపు తప్పదు. అయితే కుదించే పద్ధతి మారితే గ్రాఫ్ చెప్పే కథ కూడా మారుతుంది. ఆ పద్ధతులు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ పొరపాటు పడతాయి, గ్రాఫ్ చూసేవాళ్లకు ఏం తెలియాలి అన్నదే ఈ వ్యాసం.

## ఒకే వారం, నాలుగు రకాలుగా

2024 జూన్ మొదటి వారం స్టాక్ మార్కెట్‌లో ఉన్నవాళ్లకు బాగా గుర్తుండే వారం. 1వ తేదీ శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం నిఫ్టీ ఎగిరి 23,263.90 దగ్గర ముగిసింది. మంగళవారం, జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఆ రోజు మధ్యలో సూచీ 21,281.45 దాకా జారింది. చివరికి 21,884.50 దగ్గర ఆగింది. ముగింపు నుంచి ముగింపుకు చూస్తే ఒక్క రోజులో 1,379 పాయింట్లు, అంటే 5.9 శాతం పోయాయి. రోజు మధ్యలోని అడుగు దాకా లెక్కేస్తే నష్టం 8.5 శాతం. తర్వాతి మూడు రోజులు సూచీ తిరిగి లేచింది. శుక్రవారం 23,290.15 దగ్గర వారం ముగిసింది.

ఇప్పుడు ఇదే వారాన్ని లైన్ చార్ట్‌లో దూరం నుంచి చూద్దాం. ఐదేళ్ల గ్రాఫ్‌లో వారానికి ఒక్క చుక్క పెడుతున్నారనుకుందాం. ఆ చుక్క వారాంతపు ముగింపు విలువ అయితే, అంతకుముందు శుక్రవారం మే 31న 22,530.70, ఈ శుక్రవారం 23,290.15. అంటే 759 పాయింట్ల లాభం. గీత పైకే పోయింది. జూన్ 4న ఏదో జరిగిందన్న జాడే లేదు.

పోనీ ముగింపుకు బదులు వారం సగటు తీసుకుంటే? ఐదు రోజుల ముగింపు విలువలను కలిపి ఐదుతో భాగిస్తే 22,776 వస్తుంది. అది కూడా మే 31 కంటే ఎక్కువే. సగటు గీత కూడా లాభమే చూపిస్తుంది. నెలకో చుక్క పెడితే ఇంకా నున్నగా తయారవుతుంది. మే చివర 22,530.70, జూన్ చివర 24,010.60.

వారపు క్యాండిల్ మాత్రం పడిపోయిన సంగతి దాచదు. క్యాండిల్‌లో ఆరంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు అని నాలుగు విలువలు ఉంటాయి. ఆ వారం క్యాండిల్ నుంచి కిందికి 21,281.45 దాకా పొడవైన తోక వేలాడుతుంది. అది ఏ రోజు జరిగిందో క్యాండిల్ చెప్పదు. ఏదో జరిగిందని మాత్రం గట్టిగా చెబుతుంది. ఆ తోక చూసినవాళ్లు దగ్గరికి జూమ్ చేసి చూస్తారు. నున్నటి గీత చూసినవాళ్లకు జూమ్ చేయాలన్న ఆలోచనే రాదు. కుదింపు పద్ధతి ఎందుకంత ముఖ్యమో ఈ తేడాలోనే ఉంది.

ఈ నాలుగు చిత్రాల్లో ఏదీ అబద్ధం కాదు. ప్రతి సంఖ్యా నిజమే. దూరం పెరిగినప్పుడు ఏ సంఖ్యను ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్న నిర్ణయం ఒక్కటే తేడా.

## పిక్సెల్స్ దగ్గర మొదలయ్యే ఇబ్బంది

సెకనుకు ఒక రీడింగ్ ఇచ్చే మీటరు ఏదైనా తీసుకోండి. రోజుకు 86,400 రీడింగులు. ఏడాదికి 3,15,36,000. ఒక్కో రీడింగుకు సమయం 8 బైట్లు, విలువ 8 బైట్లు అనుకుంటే ఏడాది డేటా 50 కోట్ల బైట్లు దాటుతుంది. అంటే సుమారు 500 ఎంబీ. ఇంత డేటాను ఫోన్‌కు పంపి గీత గీయమంటే డేటా ప్యాక్ కరిగిపోతుంది, బ్రౌజర్ బిగుసుకుపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది.

అంత కష్టపడి పంపినా ఫలితం లేదు. గ్రాఫ్ వెడల్పు 1,000 పిక్సెల్స్ అయితే ఏడాది మొత్తాన్ని చూపేటప్పుడు ఒక్కో పిక్సెల్ నిలువు వరుసలో 31,536 రీడింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. కంటికి కనిపించేది ఒక నిలువు గీత మాత్రమే. ఒక్కో పిక్సెల్ అప్పుడు 8 గంటల 45 నిమిషాల కాలానికి సమానం. 30 రోజులకు జూమ్ చేస్తే పిక్సెల్‌కు 43 నిమిషాలు. ఒక్క రోజుకు వస్తే 86 సెకన్లు. గంటకు వస్తే మూడున్నర సెకన్లు. దాదాపు ఈ దశలో గానీ ఒక్కో రీడింగు విడిగా కనిపించే వీలు రాదు.

అందువల్ల సర్వర్‌ను అడగాల్సిన ప్రశ్న ‘ఈ ఏడాది డేటా ఇవ్వు’ అని కాదు. ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా, వెయ్యి పిక్సెల్స్‌లో పట్టేంత ఇవ్వు’ అని. సర్వర్ల పనితీరును గమనించడానికి ఎక్కువగా వాడే గ్రఫానాలో గరిష్ఠంగా ఎన్ని చుక్కలు కావాలన్న సెట్టింగు ఉంటుంది. మనం ఏమీ మార్చకపోతే అది ప్యానెల్ పిక్సెల్ వెడల్పునే తీసుకుంటుంది. ఫోన్ స్క్రీన్ల విషయంలో చిన్న చిక్కుంది. బ్రౌజర్ లెక్కలో 360 పిక్సెల్స్ అని చెప్పే ఫోన్‌లో నిజానికి అడ్డంగా 1,080 పిక్సెల్స్ ఉండొచ్చు. ఆ మూడింతల లెక్క మర్చిపోతే ఖరీదైన ఫోన్‌లోనూ గ్రాఫ్ మొరటుగా కనిపిస్తుంది.

## కుదించే పద్ధతులు

అందరికీ మొదట తట్టేది ప్రతి పదో చుక్కనో వందో చుక్కనో ఉంచి మిగతావి తీసేయడం. రాయడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. నష్టం మాత్రం పెద్దది. గంటకోసారి ఉష్ణోగ్రత కొలిచే కేంద్రాన్ని ఊహించుకోండి. ప్రతి 24వ రీడింగు ఉంచితే ప్రతిసారీ తెల్లవారుజామున 5 గంటల రీడింగే రావచ్చు. అప్పుడు పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ తేడా లేనట్టు గీత చదునుగా ఉంటుంది. ప్రతి 25వ రీడింగు ఉంచితే పరిస్థితి ఇంకా ఘోరం. ఒక్కో చుక్క ముందుదానికంటే గంట తర్వాతి వేళకు జరుగుతూ పోతుంది. ఫలితంగా 25 రోజులకోసారి లేచిపడే ఒక అల గ్రాఫ్‌లో కనిపిస్తుంది. వాతావరణంలో అలాంటి అల ఏదీ లేదు. లెక్కే దాన్ని పుట్టించింది. లేనిదాన్ని చూపించే పద్ధతి కాబట్టి, ఉన్నదాన్ని దాచే పద్ధతులకంటే దీనికి ఎక్కువ భయపడాలి.

రెండోది సగటు. ధోరణి చూడాలంటే ఇది మంచిదే. నెల మొత్తంలో కరెంటు వాడకం పెరుగుతోందా తగ్గుతోందా అని తెలుసుకోవాలంటే సగటు గీత చాలు. ఆకస్మికంగా ఎగసిపడే విలువల విషయంలో మాత్రం సగటు కొంప ముంచుతుంది. నిమిషం పాటు సర్వర్ స్తంభించిపోయినా గంట సగటులో అది అరవైలో ఒక వంతుగా కరిగిపోతుంది. జూమ్ చేస్తున్నకొద్దీ శిఖరం ఎత్తు పెరుగుతూ పోతుందని చాలామంది తికమకపడేది ఇందుకే. డేటా మారలేదు. సగటు తీసే కాలం చిన్నదవుతోంది, అంతే. వెబ్‌లో గ్రాఫ్‌లు గీయడానికి వాడే హైచార్ట్స్ స్టాక్ అనే లైబ్రరీ లైన్ చార్ట్ గీసేటప్పుడు మనం వేరే చెప్పకపోతే రెండేసి పిక్సెల్స్‌కు ఒక గుంపు చేసి సగటు తీస్తుంది. నిలువు పట్టీల చార్ట్ అయితే సగటుకు బదులు మొత్తం కూడుతుంది. తయారుచేసిన వాళ్లకు కూడా కొన్నిసార్లు ఈ సంగతి తెలియకుండానే గ్రాఫ్ వెబ్‌సైట్‌లోకి ఎక్కేస్తుంది.

మూడోది ప్రతి కాలపు ముక్క నుంచి గరిష్ఠం, కనిష్ఠం రెండూ ఉంచడం. ఈ కాలపు ముక్కనే సాఫ్ట్‌వేర్ వాళ్లు బకెట్ అంటారు. ఇక్కడ శిఖరం గానీ గొయ్యి గానీ తప్పిపోదు. దీన్నే ఇంకాస్త పదును పెట్టి 2014లో ఉవె యూగెల్, మరో ముగ్గురు పరిశోధకులు ఎం4 అనే పద్ధతిని ప్రచురించారు. ఒక్కో పిక్సెల్ వరుసకు మొదటి విలువ, చివరి విలువ, కనిష్ఠం, గరిష్ఠం, ఈ నాలుగే తీసుకుంటారు. క్యాండిల్‌లో ఉండే నాలుగూ ఇవే కావడం గమనించదగ్గది. మొదటిదీ చివరిదీ ఎందుకంటే, ఒక వరుస నుంచి పక్క వరుసకు గీత ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో అవే చెబుతాయి. వెయ్యి పిక్సెల్స్‌కు 4,000 చుక్కలు. బకెట్లు సరిగ్గా పిక్సెల్ వరుసలతో కలిసినప్పుడు, అంచులు నునుపు చేయని మామూలు గీత అయితే, మూడు కోట్ల చుక్కలతో గీసిన గీతకూ ఈ నాలుగు వేల చుక్కల గీతకూ ఒక్క పిక్సెల్ కూడా తేడా రాదు.

ఇక వెబ్‌లో బాగా పేరున్నది ఎల్‌టీటీబీ (లార్జెస్ట్ ట్రయాంగిల్ త్రీ బకెట్స్). ఐస్‌లాండ్ యూనివర్సిటీలో స్వేన్ స్టైనర్సన్ 2013లో మాస్టర్స్ థీసిస్‌గా చేసిన పని ఇది. ప్రతి బకెట్ నుంచి ఒక్క చుక్కనే ఎంచుకుంటుంది. ఎంపిక ఎలాగంటే, అంతకుముందు ఎంచుకున్న చుక్క, తర్వాతి బకెట్ సగటు, ఈ రెండింటితో కలిపినప్పుడు ఏ చుక్క పెద్ద త్రిభుజం ఏర్పరుస్తుందో దాన్ని తీసుకుంటుంది. గీత ఒంపు ఎక్కడ ఎక్కువగా తిరుగుతుందో అక్కడి చుక్క నిలబడుతుంది. తక్కువ చుక్కలతో అసలు గీత రూపాన్ని ఇంత చక్కగా పట్టే పద్ధతులు అరుదు. ఎంచుకున్నవన్నీ అసలు రీడింగులే, సగటులు కావు. చార్ట్.జేఎస్ అనే గ్రాఫ్ లైబ్రరీ మూడో వెర్షన్ నుంచి దీన్నీ, గరిష్ఠ కనిష్ఠ పద్ధతినీ ఇస్తోంది. ఈచార్ట్స్ అనే ఇంకో లైబ్రరీలోనూ ఎల్‌టీటీబీ ఉంది. కానీ ఒకే బకెట్‌లో పెద్ద శిఖరం, లోతైన గొయ్యి రెండూ ఉంటే ఎల్‌టీటీబీ ఒక్కదాన్నే ఉంచుతుంది. చూడ్డానికి బావుండాలంటే అది చాలు. ప్రమాద హెచ్చరికలకు చాలదు.

## వరదకు ఒక లెక్క, నిల్వకు ఒక లెక్క

ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు డేటా ఒక్కటే జవాబు చెప్పలేదు. చూసేవాళ్లకు ఏం కావాలన్నది చెబుతుంది. 2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అక్కడ రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 5.69 లక్షల దగ్గర. ప్రవాహపు గ్రాఫ్ మీద ఆ హెచ్చరిక స్థాయిని అడ్డగీతగా గీస్తారనుకుందాం.

ఒక రోజు ఆరు గంటల పాటు 6 లక్షల క్యూసెక్కులు, మిగతా పద్దెనిమిది గంటలు 4 లక్షల క్యూసెక్కులు వచ్చాయనుకోండి. రోజు సగటు 4.5 లక్షలు. రోజుకో చుక్కగా కుదించిన గ్రాఫ్‌లో గీత హెచ్చరిక స్థాయికి చాలా కిందే ఉండిపోతుంది. నిజానికి ఆరు గంటల పాటు హెచ్చరిక అమల్లో ఉంది, కృష్ణలంక లాంటి చోట్ల ప్రజలు కరకట్ట వైపు చూస్తూ కూర్చునే పరిస్థితి అది. ఇలాంటి గ్రాఫ్‌కు గరిష్ఠమే ఉండాలి, ఇందులో రాజీ ఉండకూడదు.

అదే ప్రవాహాన్ని రిజర్వాయర్‌లోకి ఎంత నీరు చేరిందో తెలుసుకోవడానికి చూస్తే గరిష్ఠం పనికిరాదు. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఈ లెక్కకు సగటు కావాలి, లేదా మొత్తం కావాలి. పై ఉదాహరణలో సగటు 4.5 లక్షలు కాబట్టి ఆ రోజు 38.88 టీఎంసీలు వెళ్లినట్టు. గరిష్ఠం పట్టుకుని 6 లక్షలతో లెక్కేస్తే 51.84 వస్తుంది. దాదాపు 13 టీఎంసీల తేడా, లేని నీరు ఉన్నట్టు.

ఈ రెండు అవసరాలూ ఒకే గ్రాఫ్‌లో తీరే మార్గం ఉంది. కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా లేత రంగు పట్టీ, దాని మధ్యలో ముదురు రంగులో సగటు గీత. దూరం నుంచి చూసినప్పుడు పట్టీ వెడల్పుగా ఉంటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ సన్నబడి చివరికి గీతలో కలిసిపోతుంది. వివరం ఎంత దాగి ఉందో ఆ పట్టీ వెడల్పే చెబుతుంది.

వర్షపాతంలో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. వర్షం కూడే సంఖ్య. రోజుల నుంచి నెలలకు మారితే నిలువు పట్టీలు ఒక్కసారిగా పొడుగైపోతాయి, నిలువు అక్షం మీద సంఖ్యలూ పెరుగుతాయి. అక్షం పక్కన ‘రోజుకు మిల్లీమీటర్లు’ అన్నది ‘నెలకు మిల్లీమీటర్లు’గా మారకపోతే చూసేవాళ్లు బెదిరిపోతారు.

## ముందే కట్టిపెట్టుకున్న మెట్లు

ఎవరో జూమ్ చేసిన ప్రతిసారీ మూడు కోట్ల రీడింగులు చదివి గరిష్ఠం వెతకడం ఏ సర్వర్‌కైనా భారమే. అందుకే కుదించిన రూపాలను ముందే తయారుచేసి పెట్టుకుంటారు. సెకను రీడింగుల మీద నిమిషం మెట్టు, దాని మీద గంట మెట్టు, ఆపైన రోజు మెట్టు. జూమ్ స్థాయిని బట్టి ఏ మెట్టు నుంచి చదవాలో నిర్ణయిస్తారు. ఒక్కో మెట్టులో డేటా సగానికి తగ్గేలా కడితే, సగం, పావు, అరపావు అంటూ అన్ని పై మెట్లూ కలిపినా అసలు డేటా అంత పరిమాణమే అవుతాయి. నాలుగో వంతుకు తగ్గేలా కడితే అసలులో మూడో వంతే.

ఈ ఆలోచన కొత్తది కాదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో లాన్స్ విలియమ్స్ 1983లోనే బొమ్మలకు ఇలాంటి పిరమిడ్‌ను ప్రతిపాదించారు. 2005లో వచ్చిన గూగుల్ మ్యాప్స్ మ్యాప్‌ను చదరపు ముక్కలుగా కోసి, జూమ్ స్థాయికి తగ్గ ముక్కలనే పంపే పద్ధతిని జనానికి అలవాటు చేసింది. మ్యాప్‌లో ఒక మెట్టు దిగితే ముక్కలు నాలుగింతలవుతాయి. కాలానికి ఒకే దిశ కాబట్టి టైమ్‌లైన్‌లో రెండింతలే.

దీన్ని కళ్లారా చూడాలంటే పాటలు ఎడిట్ చేసే ఆడాసిటీ తెరిస్తే చాలు. సీడీ నాణ్యత ఆడియోలో సెకనుకు 44,100 శాంపిల్స్ ఉంటాయి. గంట రికార్డింగు అంటే ఒక్కో చానెల్‌కు 15.87 కోట్లు. అయినా ఫైల్ తెరిచాక గంట మొత్తం తరంగం స్క్రీన్ మీద ఇట్టే కనబడుతుంది. ఎందుకంటే అది 256 శాంపిల్స్‌కు ఒకటి, 65,536 శాంపిల్స్‌కు ఒకటి చొప్పున సారాంశాలు ముందే రాసి పెట్టుకుంటుంది. గంట నిడివికి పై మెట్టులో ఉండేవి సుమారు 2,422 సారాంశాలే. ముదురు నీలంలో కనిపించే ఎత్తుపల్లాలు గరిష్ఠ కనిష్ఠాలు. లోపల లేత నీలంలో ఉండేది ఒక రకం సగటు బలం. పైన చెప్పుకున్న పట్టీ, గీత ఉపాయమే ఇది. బాగా దగ్గరికి జూమ్ చేస్తే పట్టీ మాయమై ఒక్కో శాంపిల్ చుక్కగా కనిపిస్తుంది.

మెట్లు కట్టేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. సగటులకు సగటు తీయడం. ఒక గంటలో 10 రీడింగులు, సగటు 100. తర్వాతి గంటలో 1,000 రీడింగులు, సగటు 20. రెండు సగటుల సగటు 60. నిజమైన సగటు 20.8. అందుకని మెట్లలో సగటును కాకుండా మొత్తాన్నీ, లెక్కనూ విడివిడిగా దాచుకోవాలి. కనిష్ఠ గరిష్ఠాలకు ఈ బాధ లేదు, గరిష్ఠాల గరిష్ఠం గరిష్ఠమే. నూటికి 99 అభ్యర్థనలు ఎంత వేగంగా పూర్తయ్యాయో చెప్పే శాతస్థాన లెక్కలనైతే సగటు చేయనే కూడదు, కూడనూ కూడదు. అవి కావాలంటే విలువల పంపిణీనే ప్రతి మెట్టులో దాచాలి.

## వేళ్లు కదిలిన క్షణంలో

ఫోన్ మీద రెండు వేళ్లు విడదీస్తే బయటికి కనిపించేది మెత్తటి కదలిక. లోపల మాత్రం చాలా జరుగుతుంది. మొదట బ్రౌజర్ తన దగ్గర ఇప్పటికే ఉన్న మొరటు గీతనే సాగదీస్తుంది. ఆ సాగిన గీత కాస్త వికారంగా ఉన్నా వేళ్లతోపాటు కదులుతుంది కాబట్టి ఇబ్బందనిపించదు. వేళ్లు ఆగాక ఐదోవంతు సెకను దాకా వేచి ఉండి, అప్పుడు కొత్త హద్దులతో సర్వర్‌ను అడుగుతుంది. వేచి ఉండకపోతే ఒక్క పించ్‌కు పదుల కొద్దీ అభ్యర్థనలు వెళ్తాయి.

సర్వర్ జవాబులు వరసలో రావన్నది ఇంకో సంగతి. ముందు అడిగినదాని జవాబు ఆలస్యంగా వచ్చి, కొత్త జవాబు మీద కూర్చుంటే గ్రాఫ్ తప్పు డేటా చూపిస్తుంది. పాత అభ్యర్థనను రద్దు చేయడం, లేదా వచ్చిన జవాబు ఇప్పటి కిటికీకి, అంటే స్క్రీన్ మీద ఇప్పుడు కనిపిస్తున్న కాలానికి సంబంధించినదేనా అని సరిచూసుకోవడం తప్పనిసరి.

బకెట్ల అంచులు ఎక్కడ పడాలన్నది చూడ్డానికి చిన్న విషయం. కానీ గ్రాఫ్ నమ్మకంగా కనిపించాలా వద్దా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. కిటికీ ఎడమ అంచు నుంచి బకెట్లు లెక్కపెడితే, గ్రాఫ్‌ను కొంచెం పక్కకు జరిపిన ప్రతిసారీ బకెట్లలో పడే రీడింగులు మారిపోతాయి. శిఖరాలు వణుకుతాయి. ఒక్కోసారి లేచి, ఒక్కోసారి తగ్గుతాయి. అంచులను గడియారానికి కట్టేస్తే, అంటే పది నిమిషాల బకెట్ ఎప్పుడూ 10:00, 10:10, 10:20 దగ్గరే మొదలైతే, ఎంత జరిపినా రూపం కదలదు. ముక్కలను బ్రౌజర్‌లో దాచుకుని మళ్లీ వాడుకోవడానికీ ఇదే వీలు కల్పిస్తుంది.

మెట్టు మారే చోట కూడా కాస్త ఊగిసలాట ఉంటుంది. సరిగ్గా హద్దు దగ్గర కొంచెం అటూ ఇటూ జూమ్ చేస్తే రెండు మెట్ల మధ్య గ్రాఫ్ మినుకుమినుకుమంటుంది. కిందికి దిగే హద్దునూ పైకెక్కే హద్దునూ కొద్దిగా వేరుచేస్తే ఆగిపోతుంది.

## గంట ఎక్కడ మొదలవుతుంది?

గడియారానికి కట్టాలన్నాం. ఏ గడియారానికి? సర్వర్లు సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో లెక్కిస్తాయి. భారత సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ అరగంటే మనకు చిక్కు. యూటీసీలో నిండు గంటకు మొదలయ్యే బకెట్ మనకు 9:30కో 10:30కో మొదలవుతుంది. యూటీసీ రోజు మనకు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. ఆ లెక్కతో గీసిన ‘రోజువారీ’ గ్రాఫ్‌లో అర్ధరాత్రి నుంచి 5:30 దాకా కురిసిన వాన ముందు రోజు ఖాతాలో పడుతుంది. అర్ధరాత్రి లెక్కా ఇక్కడ పనికిరాదు. భారత వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా ఒక రోజుగా కొలుస్తుంది. వానకు సంబంధించిన గ్రాఫ్ ఆ హద్దునే పాటించాలి, లేకపోతే పేపర్లో వచ్చిన అంకెకూ గ్రాఫ్‌లోని అంకెకూ పొంతన కుదరదు.

స్టాక్ మార్కెట్ పనివేళలు 9:15 నుంచి 3:30 దాకా, 375 నిమిషాలు. అది గంటలుగా సమంగా తెగదు. మార్కెట్ తెరిచినప్పటి నుంచి లెక్కిస్తే చివరి గంట క్యాండిల్‌లో 15 నిమిషాలే ఉంటాయి. మన గడియారం గంటలకు కడితే మొదటిది 45 నిమిషాలు, చివరిది 30. యూటీసీ గంటలకు కడితే మొదటిది 15 నిమిషాలే. డేటా ఒకటే అయినా మూడు చోట్ల మూడు రకాల గంట క్యాండిళ్లు కనిపించడానికి కారణం ఇది.

డల్లాస్‌లో ఉంటూ ఇక్కడి షేర్లు చూసుకునే తెలుగువాళ్లకు మరో మెలిక ఉంది. వేసవిలో మన 9:15 అక్కడ ముందురోజు రాత్రి 10:45. బ్రౌజర్ తన స్థానిక సమయంతో రోజులను విడదీస్తే, మన ఒక్క ట్రేడింగ్ రోజు వాళ్ల అర్ధరాత్రి దగ్గర రెండు ముక్కలవుతుంది. సోమవారం కొంత ఆదివారం ఖాతాలో చేరుతుంది. డేటా ఏ ఊరిదో ఆ ఊరి సమయంతోనే బకెట్లు కట్టాలి. చూసేవాళ్ల సమయాన్ని కావాలంటే పక్కన రాసి చూపించవచ్చు.

## ఒకే డేటా, రెండు స్క్రీన్‌షాట్లు

ఈ సాంకేతిక వివరాలన్నీ చివరికి వాట్సాప్ గ్రూపుల్లో వాదనలుగా తేలుతాయి. గూగుల్ ట్రెండ్స్ దీనికి మంచి ఉదాహరణ. తమ హీరో పేరును ఎక్కువమంది వెతికారని ఫ్యాన్స్ పెట్టే స్క్రీన్‌షాట్లు అందరూ చూసే ఉంటారు. అందులో వారం రోజుల కాలం ఎంచుకుంటే గంటకో చుక్క ఉంటుంది. 90 రోజులకు రోజుకో చుక్క, ఐదేళ్లకు వారానికో చుక్క, 2004 నుంచి మొత్తం చూస్తే నెలకో చుక్క. పైగా ఎంచుకున్న కాలంలోని గరిష్ఠాన్ని 100గా పెట్టి మిగతా అన్నింటినీ దానితో పోల్చి రాస్తారు. ట్రైలర్ విడుదలైన ఒక్క పూట ఎగసిన వెతుకులాట వారం గ్రాఫ్‌లో 100. అదే నెల గ్రాఫ్‌లో ఆ పూట మిగతా రోజుల్లో కలిసిపోతుంది, శిఖరం ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు. రెండు స్క్రీన్‌షాట్లు పెట్టిన ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. వాళ్లు చూసిన మెట్లు వేరు.

కంపెనీల్లో ఇదే సమస్య టెన్షన్‌గా మారుతుంది. రాత్రి రెండు గంటలకు సైట్ మూడు నిమిషాలు ఆగిపోయిందని కస్టమర్ ఫిర్యాదు చేస్తాడు. ఉదయం మీటింగ్‌లో 30 రోజుల సగటు గ్రాఫ్ తెరిస్తే అంతా ప్రశాంతంగా ఉంటుంది. కస్టమర్‌దే పొరపాటని తేల్చేస్తారు. డేటా రాని సమయాన్ని ఖాళీగా వదలకుండా రెండు చివరలను గీతతో కలిపేసే గ్రాఫ్‌లలో ఇది మరీ ఎక్కువ. కుదించేటప్పుడు ఖాళీని కూడా ఒక సమాచారంగా మోయాలి. బకెట్‌లో ఎన్ని రీడింగులు రావాలి, ఎన్ని వచ్చాయి అన్న లెక్క ఉంచుకుంటేనే అది సాధ్యం.

వీటిలో చాలా తికమకలకు మందు ఖరీదైనదేమీ కాదు. గ్రాఫ్ మూలన చిన్న అక్షరాల్లో ‘ఒక్కో చుక్క 6 గంటల సగటు’ అని రాసి, జూమ్‌తోపాటు ఆ వాక్యం మారేలా చేస్తే చాలు. చుక్క మీద వేలు పెట్టినప్పుడు ఒక్క క్షణం సమయాన్ని కాకుండా ‘జూన్ 3 నుంచి 7 దాకా, కనిష్ఠం 21,281.45’ అని మొత్తం కాలాన్ని చూపించాలి. అసలు రీడింగుల దాకా చేరుకున్నప్పుడు ‘ఇవి అసలు రీడింగులు’ అని చెప్పాలి. ఇంత తేలికైన పని ఇన్ని గ్రాఫ్‌లలో ఎందుకు కనిపించదో అర్థం కాదు.

## జూమ్ చేసినా తిరిగి రానిది

ఇంతవరకూ చెప్పుకున్నదంతా అసలు డేటా ఎక్కడో భద్రంగా ఉందన్న నమ్మకం మీద నడిచింది. అది అన్నిసార్లూ నిజం కాదు. నెట్‌వర్క్ రౌటర్ల రద్దీని చూపించే ఎంఆర్‌టీజీ 1995లో వచ్చింది. అందులో రోజు గ్రాఫ్‌కు 5 నిమిషాల సగటు, వారం గ్రాఫ్‌కు 30 నిమిషాల సగటు, నెల గ్రాఫ్‌కు 2 గంటల సగటు, ఏడాది గ్రాఫ్‌కు ఒక రోజు సగటు. దాని రూపకర్త టోబియాస్ ఏటికర్ 1999లో తెచ్చిన ఆర్‌ఆర్‌డీటూల్ ఈ పద్ధతిని స్థిరపరిచింది. ఫైల్ పరిమాణం ఎప్పుడూ పెరగదు. వలయంలా తిరుగుతూ కొత్త రీడింగు పాతదాని మీద రాసుకుంటుంది. అప్పట్లో డిస్క్ ఖరీదు చూస్తే తెలివైన ఏర్పాటే. ఇప్పుడు సర్వర్ల రీడింగులను దాచడానికి వాడే థానోస్ లాంటి సాఫ్ట్‌వేర్లు అసలు డేటాతోపాటు 5 నిమిషాల మెట్టు, గంట మెట్టు తయారుచేస్తాయి. ఏ మెట్టును ఎన్నాళ్లు ఉంచాలో నడిపేవాళ్లే నిర్ణయిస్తారు.

అసలు డేటాను చెరిపేసి పై మెట్టును మాత్రమే ఉంచిన చోట, ఎంత జూమ్ చేసినా గీత సాగుతుందే గానీ విచ్చుకోదు. ఆర్‌ఆర్‌డీటూల్‌లో ఫైల్ సృష్టించేటప్పుడే సగటు, కనిష్ఠం, గరిష్ఠం, చివరి విలువల్లో ఏవేవి దాచాలో చెప్పాలి. సగటుతోపాటు గరిష్ఠం కూడా కావాలని ఆ రోజు ఒక్క లైన్ ఎక్కువ రాసి ఉంటే, నిరుడు ఫిబ్రవరిలో రెండు నిమిషాల పాటు లైన్ నిండిపోయిన సంగతి ఈ రోజుకీ ఏడాది గ్రాఫ్‌లో ఒక ముల్లులా నిలబడి ఉంటుంది. రాయకపోతే ఆ రోజు చుక్క పక్క రోజుల చుక్కల వరసలోనే ఉంటుంది.